ఎన్‌ఆర్‌ఏ గ్రేడు చూసి ఓటేయొచ్చా? ఒక టెక్సస్ ఓటరు రివ్యూ

సిటిజన్‌షిప్ కొత్తగా వచ్చిన మనవాళ్లు డాలస్ చుట్టుపక్కల తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. తుపాకుల విషయంలో ఫలానా క్యాండిడేట్ ఎటువైపో అయిదు నిమిషాల్లో తెలిసే మార్గం ఏదైనా ఉందా అని. ఉంది. తుపాకీ హక్కుల సంఘం నేషనల్ రైఫిల్ అసోసియేషన్, అదే ఎన్‌ఆర్‌ఏ, తన రాజకీయ విభాగం తరఫున అభ్యర్థులకు మార్కులేస్తుంది. మంచి సర్వీసే, కానీ దాన్ని ఎలా చదవాలో తెలియకపోతే తప్పుదారి పట్టిస్తుంది.

ముందు మార్కుల సంగతి. ఏ ప్లస్ అంటే చట్టసభలో ఓట్లేయడమే కాక తుపాకీ హక్కుల కోసం ముందుండి పనిచేసినవాళ్లు. ఏ అంటే గట్టి మద్దతుదారు. అలా దిగుతూ దిగుతూ ఎఫ్ దగ్గరికొస్తే, వాళ్ల లెక్కలో పక్కా శత్రువు. ఈ మెట్లు కాక ఇంకో రెండు గుర్తులున్నాయి, నన్నడిగితే అసలు చూడాల్సింది వాటినే. ఏక్యూ అని ఉంటే ఆ మనిషికి చట్టసభలో తుపాకుల విషయంలో ఓటేసిన రికార్డు లేదు, ఎన్‌ఆర్‌ఏ పంపిన ప్రశ్నపత్రానికి వాళ్లకు నచ్చే జవాబులు రాసిచ్చాడంతే. ప్రశ్నార్థకం ఉంటే ఆ పత్రం నింపి పంపలేదని అర్థం. జవాబివ్వనివాళ్లను ఉదాసీనులుగానో, ఇంకా అయితే వ్యతిరేకులుగానో వాళ్లు లెక్కేస్తారు. ఏక్యూ వచ్చినాయన ఏ ప్రశ్నకు ఏం రాశాడన్నది మాత్రం గ్రేడు పక్కన కనబడదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. మనకు కావలసింది ఆ జవాబులే కదా!

ఇక గ్రేడు ఎక్కడ బోల్తా కొడుతుందో మన టెక్సస్‌లోనే చూడొచ్చు. 2022 మే 24న యువాల్డీ స్కూల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఆ వెంటనే సెనేట్‌లో రిపబ్లికన్ల తరఫున బేరసారాలు నడిపింది మన సెనేటర్ జాన్ కార్నిన్, అప్పటికి ఏ ప్లస్ ఉన్నాయన. 21 ఏళ్లలోపు వాళ్లు తుపాకీ కొంటే అదనపు బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాడి పాత రికార్డు తనిఖీ), రెడ్ ఫ్లాగ్ చట్టాలున్న (ప్రమాదకరమని కోర్టు తేల్చినవాళ్ల దగ్గర తుపాకీ కొన్నాళ్లు తీసేసుకునే) రాష్ట్రాలకు డబ్బు, ఇలాంటివి ఉన్న బిల్లు అది. ఎన్‌ఆర్‌ఏ వద్దంది. హ్యూస్టన్‌లో జరిగిన సొంత పార్టీ సభలోనే జనం ఆయన్ను గేలిచేశారు. అయినా సెనేట్‌లో 65-33తో పాసైంది, ఆయన అవునన్నాడు, టెక్సస్ రెండో సెనేటర్ టెడ్ క్రూజ్ కాదన్నాడు. గ్రేడు మాత్రమే చూసుకుని ఓటేసినవాడు ఈ ఇద్దరి మధ్య ఇంత తేడా ఉంటుందని కలగనగలడా?

హౌస్‌లో ఆ బిల్లుకు ఓటేసిన 14 మంది రిపబ్లికన్లలో టోనీ గొంజాలెస్ ఒకడు, యువాల్డీ అప్పట్లో ఆయన నియోజకవర్గంలోనే ఉండేది. మరుసటి ఏడాది రాష్ట్ర పార్టీ ఆయన్ను అభిశంసించింది, ఆ ఓటు కూడా అందుకొక కారణం. 2024లో, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో, తుపాకుల వీడియోలతో పేరు తెచ్చుకున్న ఒక యూట్యూబర్ ఆయన మీద నిలబడ్డాడు. రెండో విడత పోటీ, అదే రనాఫ్ దాకా వెళ్లింది, చివరికి గొంజాలెస్ అయిదొందల లోపు ఓట్ల తేడాతో గట్టెక్కాడు. అంటే ఆ బిల్లుకు వేసిన ఒక్క ఓటు వల్ల సీటు పోగొట్టుకోబోయినంత పనైంది. అక్షరంలో ఇదంతా ఎక్కడ పడుతుంది?

ఇంకో చిక్కుంది. ఒకప్పుడు డెమొక్రాట్లలోనూ ఏ గ్రేడువాళ్లు ఉండేవాళ్లు. వెస్ట్ వర్జీనియా నుంచి సెనేట్‌కు పోటీచేసిన జో మాంచిన్ 2010లో టీవీ యాడ్‌లో ఒక బిల్లు కాగితాన్ని రైఫిల్‌తో కాల్చి చూపించాడు. 2013లో బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లను గన్ షోలకూ ఇంటర్నెట్ అమ్మకాలకూ పెంచాలని బిల్లు తెచ్చాక ఆయన గ్రేడు డికి పడిపోయింది. ఆ బిల్లుకు 54 ఓట్లొచ్చాయి, కావలసినవి 60. 2024లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేసిన టిమ్ వాల్జ్ కూడా అంతే, 2016లో ఏ, 2018లో ఎఫ్. మధ్యలో లాస్ వెగాస్, పార్క్‌లాండ్ కాల్పులు జరిగాయి, ఆయన అసాల్ట్ ఆయుధాల నిషేధం కావాలన్నాడు. ఇలాంటి ఫిరాయింపులు గ్రేడులో బాగానే కనబడతాయి, మెచ్చుకోవాల్సిందే. కానీ ఇప్పుడు జనరల్ ఎలక్షన్‌లో దాదాపు ఎక్కడ చూసినా ఒకవైపు ఏ గ్రేడులు, ఇంకోవైపు ఎఫ్‌లు. పార్టీ పేరు బ్యాలెట్ మీద ఎలాగూ ఉంటుంది, దానికి ఇంకో గ్రేడెందుకు చెప్పండి. ప్రైమరీలోనైతే పోటీలో ఉన్న రిపబ్లికన్లకు చాలాసార్లు అందరికీ మంచి మార్కులే. ఎంపిక చేసుకోవాల్సిన చోటే అది చేతులెత్తేస్తుంది.

కమిటీ స్థాయిలో జరిగేది అసలే దొరకదు. 2023 మే 6న ఆలెన్ మాల్‌లో ఎనిమిది మందిని చంపేశారు, వాళ్లలో మన తెలుగమ్మాయి కూడా ఉంది, ఆ వారం ఇక్కడ ఎవరింట్లో చూసినా అదే మాట. మే 8న ఆస్టిన్‌లో రాష్ట్ర హౌస్ కమిటీ ఒకటి, కొన్ని సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కొనే వయసు 18 నుంచి 21కి పెంచే బిల్లును 8-5తో ముందుకు పంపింది. ఇద్దరు రిపబ్లికన్లు అవునన్నారు. తర్వాత గడువు దాటిపోయి సభ మొత్తం ముందుకు రాకుండానే అది చచ్చిపోయింది. మిగతా సభ్యులు ఏమనేవారో రికార్డే లేదు, ఇక గ్రేడులో ఎక్కడినుంచి వస్తుంది.

ట్రంప్ విషయం కూడా ఒక అక్షరంలో ఇమడదు. 2024 మేలో డాలస్ సభలో ఎన్‌ఆర్‌ఏ ఆయనకు మద్దతు ప్రకటించింది. అదే మనిషి మొదటి హయాంలో బంప్ స్టాక్‌లు, అంటే రైఫిల్ గబగబా పేలేలా చేసే అమరికలు, నిషేధించారు, దాన్ని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది, కేసు వేసింది ఆస్టిన్ తుపాకుల షాపాయన. కమలా హారిస్ 2019లో అసాల్ట్ రైఫిళ్లను తప్పనిసరిగా తిరిగి కొనాలంది, 2024 ప్రచారానికి ఆ మాట వదిలేసి, తన దగ్గర గ్లాక్ పిస్టల్ ఉందని చెప్పింది.

నేనైతే ఇలా వాడతాను. ముందు ఎన్‌ఆర్‌ఏ గ్రేడు, పక్కనే దానికి ఎదురుపక్షమైన గిఫర్డ్స్, బ్రేడీ లాంటి సంస్థలు ఎవరికి మద్దతిచ్చాయో చూడటం, ఆపైన 2022 బిల్లు మీద ఓటు. కొత్త అభ్యర్థి అయితే ఓటు రికార్డుండదు కాబట్టి నేరుగా ప్రచారం వాళ్లకే మెయిల్ కొట్టి అడగండి, ఏక్యూ కన్నా అదే నయం. చూసుకున్నది కాగితం మీద రాసుకెళ్లండి, టెక్సస్ పోలింగ్ బూత్‌లో ఫోన్ తీయనివ్వరు. తుపాకీ లైసెన్సు ఇక్కడ ఓటరు ఐడీగా చెల్లుతుంది, యూనివర్సిటీ ఐడీ చెల్లదు, అదో వింత.

హెచ్1బీ వాళ్లకు ఓటు ఎలాగూ లేదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పితే తుపాకీ కొనడం కూడా కుదరదు, గ్రీన్‌కార్డు వస్తే అప్పుడు కొనొచ్చు. కాబట్టి ఈ రివ్యూ ముఖ్యంగా అమెరికా పాస్‌పోర్టు వాళ్లకే.

అయిదుకి రెండున్నర స్టార్లు. ఏక్యూ జవాబులు బయటపెట్టిన రోజు నాలుగిస్తాను.