చేర్యాల మాస్కా? కొత్తవాడ జంపఖానానా?

వరంగల్ వచ్చిన చుట్టాలు తక్కువ ఖర్చులో ఏం తీసుకెళ్లాలని అడిగితే, కాకతీయ తోరణం బొమ్మున్న కీచైన్ మాత్రం వద్దంటాను.

నా ఓటు చేర్యాల మాస్కుకే, అంటే గోడకు తగిలించుకునే బొమ్మ ముఖానికే. చిన్నవాటిని కొబ్బరి చిప్ప మీదే చేస్తారు. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో ముక్కు, పెదాలు, మీసాలు తీర్చి, ఆరాక రంగులేస్తారు. తలపాగా చుట్టిన తాత, పెద్ద బొట్టు పెట్టుకున్న అమ్మ! ఆ గుండ్రటి కళ్లు గోడ మీద నుంచి మనల్నే చూస్తుంటాయి. అరచేతిలో పట్టేంత చిన్నవీ ఉంటాయి. బట్టల మధ్య చుట్టి పెట్టండి, తడి మాత్రం తగలనివ్వొద్దు.

వరంగల్‌లోని కొత్తవాడ నేతన్నలు నేసే, నేల మీద పరుచుకునే జంపఖానా వేరే లెక్క. 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేకత అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. నూలుది కాబట్టి మడతపెడితే బ్యాగులో పడుతుంది, ఉతుక్కోవచ్చు. పెద్దదైతే బరువు, ఖర్చు రెండూ ఎక్కువే. పూజలో కూర్చునేంత చిన్నది చాలు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే జంపఖానా కొనండి, రోజూ వాడతారు. స్నేహితులకైతే మాస్కే. కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి, కొబ్బరి చిప్ప కనిపిస్తుంది.