రిమోట్ కారు విడిభాగాలు కొంటున్నారా? ముందు బ్యాటరీని కాటా మీద పెట్టండి

రిమోట్ కారును సొంతంగా బిగించుకుందామని, ఫోను గ్రూపుల్లో పరిచయమైన అమ్మకందారు దగ్గర మొత్తం సామాను ఒకేసారి కొనబోతున్నవాళ్లు డబ్బు పంపే ముందు ఇది చదవండి. నేను 24,500 రూపాయలు పంపాక నేర్చుకున్నాను.

మాది అనంతపురం. ముప్పై ఏళ్లుగా బోరు మోటార్లకు వైండింగు చేస్తున్నాను. మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగు చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. శుక్రవారం రాత్రి బస్సెక్కితే తెల్లవారేలోపు ఇంట్లో ఉంటుంది. చిన్నప్పుడు తను అడిగినా కొనివ్వలేకపోయిన రిమోట్ కారును ఈ వేసవిలో ఇద్దరం కలిసి తయారు చేయాలనుకున్నాం. దుకాణంలో దొరికే బొమ్మ కాదు. అసలు కారులో పదో వంతు కొలత, బ్రష్‌లెస్ (లోపల రాసుకునే బ్రష్‌లు లేని) మోటారు, మట్టి నేల మీద ఎగిరిపడినా తట్టుకునే ఛాసిస్, అంటే అడుగు చట్రం.

అమ్మకందారు పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. మనిషి మాటకారి. ఎక్కడ నడుపుతారు, నేల ఎలా ఉంటుంది, దుమ్ము ఎక్కువా అని ఆరా తీశాడు. "ఒక్కొక్కటి ఒక్కో చోట కొంటే ఒకదానికొకటి కుదరవు, నేను సరిచూసి పంపుతాను" అన్నాడు. నేను పడిపోయింది ఆ మాటకే. గేరు పళ్ల కొలతలు, కనెక్టర్ల రకాలు మాకు కొత్త కదా. డబ్బు దుకాణం ఖాతాకు కాకుండా తన సొంత నంబరుకు వేయమన్నాడు. బిల్లు పార్సెల్‌లో ఉంటుందన్నాడు. పార్సెల్‌లో బిల్లు తప్ప అన్నీ ఉన్నాయి.

శనివారమంతా వరండాలో చాప పరుచుకుని కూర్చున్నాం. మోటారు చేతిలోకి తీసుకోగానే నవ్వొచ్చింది. మూడు తీగలు! మన త్రీఫేజ్ బోరు మోటారుకు తమ్ముడే. బిగించాక చక్రాలు వెనక్కి తిరిగాయి. అమ్మాయి రిమోట్‌లో సెట్టింగు వెతుకుతుంటే నేను మూడింట్లో రెండు తీగలు అటూ ఇటూ మార్చాను, ముందుకు తిరిగాయి. "నాన్నా, ఇది మీకెలా తెలుసు?" అంది. ఆ ఒక్క మాటకు 24,500 ఇవ్వొచ్చుననిపించింది. న్యాయంగా చెప్పాలంటే మోటారులో మోసం లేదు. నాకు తెలిసిన వస్తువు గనుక దాన్నొక్కదాన్నే క్షుణ్ణంగా చూశాను. మిగతావి చూడలేదు.

బ్యాటరీ మీద రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్), 5000 ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే మిల్లీ ఆంపియర్-అవర్లు), 50సీ (ఎంత జోరుగా కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె) అని రాసి ఉంది. అంటే అయిదు ఆంపియర్-అవర్లను యాభైతో గుణిస్తే 250 ఆంపియర్లు ఇవ్వగలదని చెప్పుకోవడం. అంత కరెంటు మోయాల్సిన తీగ ఎంత లావుండాలి? దానికున్నది ఇంట్లో ఫ్యానుకు లాగే తీగంత. రోజంతా గేజీ చూసి రాగి తీగ కొనే నేను, ఆ రోజు దాన్ని చూసి కూడా పట్టించుకోలేదు.

రెండో సూచన ఛార్జింగులో కనిపించింది. వచ్చినప్పుడు 7.6 వోల్టులు చూపింది, అంటే దాదాపు సగం నిండినట్టు. సెల్లుకు 4.2 చొప్పున 8.4 దాకా ఎక్కాలి. నిజంగా 5000 అయితే ఇంకో 2500కు అటూ ఇటూగా తీసుకోవాలి. ఛార్జరు 1040 దగ్గరే నిండిందని ఆగింది. అమ్మాయికి అనుమానం వచ్చింది. "కొత్తది కదా తల్లీ, రెండు మూడుసార్లు ఎక్కితే సర్దుకుంటుంది" అన్నాను. ఇన్వర్టర్ బ్యాటరీల తెలివి లైపో మీద రుద్దాను. ఆ తప్పు నాదే.

ఆదివారం తెల్లవారే ఆర్ట్స్ కాలేజీ మైదానానికి వెళ్లాం. కారు రయ్యిమని దూసుకుపోతుంటే నడకకు వచ్చినవాళ్లు ఆగి చూశారు. నాలుగు నిమిషాలు. తర్వాత ముసలి ఎద్దులా ఈడ్చుకుంటూ వచ్చి నిలబడిపోయింది. మూత తీస్తే తియ్యటి వాసన, బాగా మగ్గిన పండు దగ్గర వచ్చేలాంటిది. బ్యాటరీ పైనున్న గట్టి ప్లాస్టిక్ డబ్బా అతుకు దగ్గర విచ్చుకుంది. గోరు పట్టేంత సందు. లోపల పసుపు రంగు స్పంజి ముక్క కనిపించింది. పెద్ద డబ్బాలో చిన్న సెల్లులు పెట్టి, అవి కదలకుండా స్పంజి కుక్కారు!

ఉబ్బిన లైపోను గుచ్చకూడదు, విప్పకూడదు, మళ్లీ ఛార్జింగు పెట్టకూడదు. అంటుకుంటే మామూలు మంట కాదది. ఇసుక నింపిన రేకు డబ్బాలో పెట్టి ఆరుబయట ఉంచాం. బాగా చల్లారాక పక్కనున్న కిరాణా కొట్టు నుంచి కాటా తెచ్చి తూచాం. 152 గ్రాములు. ఆ కొలత 5000 బ్యాటరీ గట్టి డబ్బాతో కలిపి పావు కిలో, ఆపైన తూగుతుంది. పార్సెల్ విప్పిన రోజే కాటా మీద పెట్టి ఉంటే అంతా అక్కడే తేలిపోయేది. స్టిక్కరు మీద ఏమైనా అచ్చువేయొచ్చు, బరువును అచ్చువేయలేరు.

ఆ అనుమానంతోనే సర్వో కూడా విప్పాం. ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు అది. 'మెటల్ గేర్' అని ధర ఎక్కువ తీసుకున్నాడు. నాలుగు స్క్రూలు తీస్తే, బయటికి కనిపించే చివరి గేరు ఒక్కటే ఇత్తడి. లోపలున్నవన్నీ తెల్ల నైలాన్.

ఫోను చేస్తే మొదట "మీరు బ్యాటరీని మరీ ఖాళీ చేశారు" అన్నాడు. మోటారుకు కరెంటు అందించే స్పీడ్ కంట్రోలర్ లైపో సెట్టింగులోనే ఉంది, అలా ఉంటే బ్యాటరీ మరీ ఖాళీ కాకముందే అదే ఆపేస్తుంది; అమ్మాయి బిగించేటప్పుడు తీసిన ఫొటో పంపింది. తర్వాత "పార్సెల్ విప్పుతూ వీడియో తీయలేదు కాబట్టి బాధ్యత లేదు" అన్నాడు. చివరికి "సరే, బ్యాటరీ తిరిగి పంపండి, డబ్బు వేస్తాను" అన్నాడు. కిటుకంతా అక్కడే ఉంది. ఉబ్బిన లిథియం బ్యాటరీని కొరియరువాళ్లు ముట్టుకోరు, అది అతనికి తెలుసు. నేను రెండు చోట్ల తిరిగి వచ్చాను. ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. బిల్లు లేకపోయినా యూపీఐ చెల్లింపు వివరాలు, అతను పంపిన సామాను జాబితా, మా సందేశాలు, కాటా మీది ఫొటో ఇచ్చాం. ఆ ఫిర్యాదు అతనికి అందాక బ్యాటరీ డబ్బు 3,200 మాత్రం వచ్చింది. సర్వో ఊసు లేదు. దానికోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కాగితాలు సిద్ధం చేస్తున్నాం. 2019 చట్టం ప్రకారం కొన్నవారు తాము ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు.

అతను మళ్లీ వేరే పేరుతో అమ్మవచ్చు. గుర్తులు చెబుతాను: ఏ భాగం ఏ కంపెనీదో రాయకుండా 'మంచి క్వాలిటీ' అని రాస్తాడు. బ్యాటరీ బరువెంత అని అడిగితే మాట మారుస్తాడు. ఈ రోజే కడితే వెయ్యి తగ్గిస్తానంటాడు.

పోయిన శనివారం అమ్మాయి బెంగళూరులోని ఒక దుకాణంలో బిల్లుతో కొన్న బ్యాటరీ తెచ్చింది. ఇంట్లోకి కూడా రాకుండా నేరుగా కిరాణా కొట్టుకు వెళ్లాం. 268 గ్రాములు. పప్పు పొట్లం కడుతున్న కొట్టు ఆయన తల తిప్పి చూసి, "ఇది కిలో ఎంతన్నా?" అని అడిగాడు.