మోకాలి అరుగుదలకు మందు: గుజ్జును పెంచేదా, కరగకుండా ఆపేదా?

మోకాలి కీలులో గుజ్జు అరిగిందని చెప్పిన డాక్టర్లు నొప్పికి మాత్రలు రాస్తారు గాని, ఆ అరుగుదలను నెమ్మదింపజేస్తుందని ఔషధ నియంత్రణ సంస్థల ఆమోదం పొందిన మందు ఇంతవరకు ఒక్కటీ లేదు. దానికోసం సాగుతున్న వెతుకులాటలో ముఖ్యంగా రెండు దారులను పోల్చి చూడవలసి ఉంది: మృదులాస్థిని, అంటే ఆ గుజ్జును, కొత్తగా పెంచడం ఒకటి; ఉన్నది కరగకుండా కాపాడడం రెండోది.

పెంచే మందుల్లో ముఖ్యమైనది స్ప్రిఫెర్మిన్. మృదులాస్థి కణాలను ప్రేరేపించే ఎఫ్‌జీఎఫ్-18 అనే ప్రోటీన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి నేరుగా కీలులోకి ఎక్కిస్తారు. 549 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఆరు నెలలకొక విడతగా, విడతకు వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు, ఒక్కొక్కటి 100 మైక్రోగ్రాముల మోతాదులో తీసుకున్నవారికి, మందులేని ఇంజెక్షన్ పొందినవారితో పోలిస్తే, రెండేళ్లకు మృదులాస్థి మందం 0.05 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉంది. నొప్పిలోనూ నడకలోనూ మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మృదులాస్థిలో నరాలు లేవు. నొప్పి ఎముక నుంచీ కీలు లోపొర వాపు నుంచీ పుడుతుంది కనుక ఇది మరీ వింతేమీ కాదు.

కాపాడే దారిలో ఆశలు పెట్టుకున్నది మృదులాస్థిని తెగగొట్టే అడామ్‌టీఎస్-5 అనే ఎంజైమును అడ్డుకునే జీఎల్‌పీజీ1972 మాత్రపై. ఇంజెక్షన్ కన్నా మాత్ర రోగికి సులువే. అయితే 932 మందికి 52 వారాలు ఇచ్చినా అరుగుదల తగ్గలేదు. ఎముకల మందైన స్ట్రాన్షియం రానెలేట్ 2013 నాటి పరీక్షలో, మృదులాస్థి అరిగేకొద్దీ కీలు సందు ఇరుకవడాన్ని తగ్గించింది గాని, గుండెకు ముప్పని తేలడంతో యూరప్‌లో దాని వాడకానికే ఆంక్షలు వచ్చాయి.

ఈ రెండింటిలో నా మొగ్గు స్ప్రిఫెర్మిన్ వైపే, ఎందుకంటే కనీసం అది మృదులాస్థిలో కొలవదగిన మార్పు తెచ్చింది. ఈ రోజు స్థూలకాయంతో, మోకాలి నొప్పితో బాధపడుతున్న మనిషికి మాత్రం బరువు తగ్గడమే మేలని చెబుతాను. 2024లో వెలువడిన 68 వారాల పరీక్షలో బరువు తగ్గించే మందైన సెమాగ్లుటైడ్ వాడినవారి నొప్పి, వంద పాయింట్ల కొలమానంలో, సగటున 41.7 పాయింట్లు తగ్గగా, ఉత్తుత్తి మందు వాడినవారికి 27.5 తగ్గింది. అయితే దానినే అరుగుదలను ఆపే మందనడం తొందరపాటు. ఆ పరీక్ష ప్రధానంగా తూచింది బరువునూ నొప్పినీ; మృదులాస్థిని కాదు.