నాలుగు చుక్కల కేస్ 6318: ఏళ్ల తరబడి వాడాక

పాత అమెరికన్ జేబుచాకుల మీద సమీక్ష అంటే ఉక్కుతో మొదలుపెట్టి పిడితో ముగిస్తారు. ఆ రెండూ బాగానే ఉన్నాయి, వాటి గురించి అందరూ రాశారు. నన్ను ఈ చాకుకి కట్టిపడేసింది మాత్రం అలుగు (బ్లేడు) మొదట్లో, పిడిలోకి దిగే చోట, గోరంత కూడా లేని జాగాలో కొట్టిన నాలుగు చుక్కలు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో చాకులు చేసే కేస్ కంపెనీ 1940 నుంచి 1964 దాకా అలుగు మీద ‘కేస్ ఎక్స్‌ఎక్స్’ అని కొట్టేది. 1965లో దాని కింద యు.ఎస్.ఏ. చేరింది. 1970లో ఆ కింద పది చుక్కలు పెట్టారు. అక్కణ్ణుంచి ఏడాదికొకటి తీసేస్తూ వచ్చారు. 1979కి ఒక్కటి మిగిలింది. కాబట్టి 1980లోంచి చుక్కలు తీసేస్తే చాకు పుట్టిన ఏడు తేలుతుంది. నా చాకుది 1976. నేను పుట్టిందీ అప్పుడే. దీని మీద నా మాటల్లో కాస్త పక్షపాతం ఉంటే అందుకే అనుకోండి.

మిగతా కంపెనీల చాకులు కొన్నవాళ్లకే ఈ చుక్కల విలువ తెలుస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో చేసిన ష్రేడ్ ఓల్డ్ టైమర్ నా దగ్గర ఒకటుంది. అలుగు మీద ‘వాల్డెన్’ అనే ఊరి పేరు ఉంటే డెబ్భైల మొదట్లోదో అంతకు ముందుదో. లేకపోతే ఆ తర్వాతి నుంచి 2004లో ఎలెన్‌విల్ ఫ్యాక్టరీ మూతపడేదాకా ఏ ఏడైనా కావచ్చు. ముప్పై ఏళ్లలో ఎప్పుడో ఒకప్పుడు! కేస్‌లో ఆ వెతుకులాట లేదు. పోయినవాళ్ల ఇంటి సామాన్లు అమ్మే ఎస్టేట్ సేల్‌లో బల్ల ముందు నిలబడి, భూతద్దం పెట్టి, చుక్కలు లెక్కపెట్టి, ధర చెప్పేయొచ్చు. ఆ పని నాకు ఎంత ఇష్టమంటే, కొనకపోయినా లెక్కపెట్టి వస్తాను.

వెనకవైపున్న నంబరు కూడా మాట్లాడుతుంది. 6318లో మొదటి అంకె పిడిది, రెండోది అలుగుల లెక్క, మిగతా రెండూ నమూనా. 6 అంటే గాట్లు పెట్టిన ఎముక పిడి. ఇక్కడ నాకొక చిన్న పేచీ. డెబ్భైలలో చాలా చాకులకు ఎముక బదులు డెల్రిన్ అనే ప్లాస్టిక్ వేసి, అదే 6 కొట్టి పంపారు. నంబరు నమ్ముకుంటే లాభం లేదు. ఎర్రగా కాల్చిన సూది ఆనిస్తే డెల్రిన్ కరుగుతుంది, ఎముక కాలిన వెంట్రుక వాసన కొడుతుందని చెబుతారు గానీ, చక్కటి పిడికి వాత పెట్టడం దేనికి? భూతద్దం చాలు. ఎముకలో సన్నటి ముదురు రంధ్రాలు పొడలు పొడలుగా కనిపిస్తాయి, ప్లాస్టిక్‌లో ఉండవు. నాది ఎముకే. ఇంతకీ ఇప్పటి కేస్ చాకుల్లో వాడేది బ్రెజిల్‌లోని జెబూ అనే మూపురం పశువుల కాలి ఎముక. బ్రెజిల్ మందల్లో ఎక్కువగా కనిపించే నెలోర్ జాతి మన ఒంగోలు పశువుల సంతతి. పిట్స్‌బర్గ్‌లో కూర్చుని చాకు తుడుచుకుంటున్న గుంటూరువాడికి ఆ సంగతి తెలిశాక, దుకాణంలో కొత్త చాకుల వైపు కూడా చూపు పోతోంది.

వాడకం గురించి చెప్పాల్సింది తక్కువ. పెరట్లో దొండపందిరికి పురికొస కోయడానికి తిన్నటి అంచున్న గొర్రెకాలు (షీప్‌ఫుట్) అలుగు, పళ్లకి పెద్ద అలుగు. మూడోది, స్పే అలుగు, అసలు కోడెలకూ పొట్టేళ్లకూ విత్తులు తీయడానికి పుట్టింది. నా దగ్గర అది ఉత్తరాలు చింపుతోంది. క్రోమ్ వెనేడియం ఉక్కు పచ్చిమామిడికాయ తగిలితే నీలిబూడిద రంగు తిరుగుతుంది. అది తుప్పు కాదు, తుప్పుని కొంత ఆపేది. సానరాయి మీద పట్టుమని పది రుద్దులకే పదును తిరిగొస్తుంది. ఇవన్నీ మెచ్చుకునే మాటలే.

ఇక అసలు సంగతి.

ఒకసారి పాత చాకులు కలగలిపి ఒక డబ్బా కొన్నాను. అందులో ఎరుపు తెలుపు చారల పిడి ఉన్న ముచ్చటైన చాకు ఒకటి వచ్చింది, రెండో ప్రపంచయుద్ధానికి ముందుది. ఎవరు చేశారో పేరెందుకు. పిడి సెల్యులాయిడ్. ఏనుగుదంతం బదులు బిలియర్డ్ బంతులు చేయడానికి పందొమ్మిదో శతాబ్దంలో తయారైన పదార్థం ఇది. నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేస్తారు. అన్ని చాకులూ ఒకే గుడ్డ చుట్టలో, సొరుగులో ఉండేవి. వానాకాలం మధ్యలో మా ఆవిడ ఆ గదిలోకి వచ్చి “ఇక్కడెవరు హారతి ఇచ్చారు?” అంది. నిజంగానే పూజగది వాసన. సొరుగు తెరిస్తే తెలిసింది. చారల పిడి జిగురు కట్టి, అడ్డంగా పగుళ్లు పట్టి ఉంది. పిడి లోపలి రేకు అంచుల్లో పచ్చగా చిలుము.

సెల్యులాయిడ్ ముదిరి చెడితే నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు వదులుతుంది. గాలిలో తేమ తగిలితే అది నత్రికామ్లం. మూసిన సొరుగులో, పక్కపక్కన, నెలల తరబడి. అది తనతో పోలేదు, చుట్టంతా వ్యాపించింది. స్టెయిన్‌లెస్ అలుగున్న నా ఇంకో మడతచాకు బక్ 110కి ఇత్తడి భాగాలు పచ్చబడ్డాయి తప్ప అలుగు బతికింది. ష్రేడ్ వీపు పొడవునా ఎర్రటి తుప్పు. నా కేస్ సరిగ్గా చారల చాకు పక్కనే ఉంది. పెద్ద అలుగు మొదట్లో, యు.ఎస్.ఏ. కింద, నా చుక్కలున్న చోటే తుప్పు గుంటలు పడ్డాయి.

తుప్పు కూడా చుక్కలే పెడుతుంది మరి. ఆ నాలుగింటి వరసలోనే, కొంచెం ఎడంగా, ఇంకొకటి తేలింది.

అక్కణ్ణుంచి ఈ చాకుతో నా సంబంధం కొంచెం మారింది. ఒక చాకుల సంతలో పక్క బల్ల పెద్దాయన చేతికిచ్చాను. కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టి, బొటనవేలితో తుడిచి, “డెబ్భై అయిదు” అన్నాడు. అయిదు చుక్కలు లెక్కపెట్టాడన్నమాట. నేను కాదన్నాను. ఆయన నవ్వి భూతద్దం తీశాడు. అచ్చుతో కొట్టిన చుక్కలన్నీ ఒకే లోతు, ఒకే సైజు, సమానమైన ఎడం, గుండ్రటి అంచు. తుప్పు గుంటకి అంచు చిరిగినట్టుంటుంది, అడుగు ఎగుడుదిగుడు. చూశాక ఆయనా నాలుగే అన్నాడు. కానీ కొనేవాడెవడూ అంతసేపు చూడడని కూడా అన్నాడు. ఆ మాట నిజం.

మెరుగుపెడితే గుంట పోతుంది. దాంతోపాటు అసలు చుక్కలూ పలచబడతాయి. అందుకే ముట్టలేదు. అతి సన్నటి ఉక్కు ఊలుతో ఎర్రటి పొడి మాత్రం తీసి, మినరల్ ఆయిల్ రాసి వదిలేశాను. నల్లమచ్చ అలాగే ఉంది.

ఇప్పుడు పైన చుక్కల గురించి అన్న మాటను కొంచెం తగ్గించుకోవాలి. చుక్కలు చెప్పేది అలుగుకి అచ్చు పడిన ఏడు. పాత చాకుకి తర్వాతెప్పుడో వేరే అలుగు మార్చి ఉంటే ఆ లెక్క చాకుది కాదు. పైగా 1980లో మళ్లీ పది చుక్కలతో మొదలుపెట్టారు, అక్షరాల తీరు మాత్రం మార్చి: మెరుపుతీగలా కోణాలు తిరిగిన ఎస్‌తో. నాలుగు చుక్కలు, మెరుపు ఎస్ ఉంటే అది 1976 కాదు, 1986. కొన్ని అమ్మకాల్లో ఈ తేడా ఎవరూ చెప్పరు.

కొనొచ్చా? నాకు పెరడుంది, సాన పట్టుకునే ఓపికుంది, దీన్ని అమ్మే ఆలోచన లేదు. అందుకని నాకు సరిపోయింది. అద్దాల బీరువాలో పెట్టి ధర పెరగాలని చూసేవాళ్లకు నా చాకు లాంటిది పనికిరాదు; వాళ్లు అచ్చు శుభ్రంగా ఉన్నది చూసుకోవాలి. సెల్యులాయిడ్ పిడి మీద మనసు పడితే కొనండి, కానీ మిగతావాటికి దూరంగా, గాలి ఆడే చోట పెట్టండి. దాని మీద సూది పరీక్ష అసలు చేయొద్దు, భగ్గుమంటుంది. హ్యూస్టన్‌లోనో చెన్నైలోనో ఉండి రోజూ జేబులో వేసుకు తిరగాలంటే నంబరు వెనక ‘ఎస్ఎస్’ అని ఉన్న స్టెయిన్‌లెస్ చాకు మేలు. చెమటకి క్రోమ్ వెనేడియం ఆగదు.