నిపుల్ బకెట్: మూడు వేసవులు వాడాక

నిపుల్ బకెట్ అంటే అడుగున చిన్న నిపుళ్లు బిగించిన కోళ్ల నీళ్ల బకెట్, నిపుల్ మధ్యలో ఉన్న పిన్నును కోడి ముక్కుతో పొడిస్తే నీళ్లు వస్తాయి. పెరట్లో పది నాటుకోళ్లు ఉన్న ఇంటికి ఇది పనికొస్తుందా అంటే, తిరుపతిలో మాఘం దాకా నిశ్చింతగా పనికొస్తుంది. ఎండలు ముదిరాక మాత్రం దాని ఒక్కదాని మీదే వదిలేయకండి, పక్కన నీడలో ఒక మట్టి మూకుడు ఉండాల్సిందే.

ముందు బిగింపు. పెయింట్ బకెట్ వద్దు, నూనెదో పచ్చడిదో 20 లీటర్ల బకెట్ తీసుకోండి. నిపుల్ మరను బట్టి 8.5 లేదా 9 మిల్లీమీటర్ల బిట్టుతో అడుగున నాలుగు బొక్కలు వేసి, మరకు టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుట్టి చేత్తోనే బిగించాలి. స్పానర్ పెడితే ప్లాస్టిక్ చీలుతుంది. మూతకు చిన్న బెజ్జం మరవకూడదు. అది లేకపోతే కొన్ని నీళ్లు తగ్గగానే లోపల గాలి చాలక ధార ఆగిపోతుంది. బకెట్ నిండుగానే ఉంటుంది, కోళ్లేమో నోళ్లు తెరిచి రొప్పుతుంటాయి.

ఎత్తు విషయంలో చాలామంది పొరబడతారు. పెట్ట మెడ కాస్త పైకి చాచి పిన్నును కింద నుంచి పొడవాలి. కిందికి వేలాడదీస్తే పక్క నుంచి కొడుతుంది, సగం నీళ్లు నేలపాలై ఊక తడిసి ఘాటు వాసన, ఈగలు. అసీలు పుంజు ఎత్తుకు కడితే చిన్న పెట్టలకు అందదు. కాబట్టి పొట్టి పెట్టకు తగ్గట్టు కట్టండి, పిల్లలకు వేరే డబ్బా పెట్టండి.

దీన్ని నేను వదలకపోవడానికి అసలు కారణం శుభ్రత కాదు, కొలత. బకెట్ బయట లీటరు లీటరుకు మార్కర్‌తో గీత గీస్తే కోళ్లు ఎంత తాగాయో రోజూ తెలుస్తుంది. చలికాలంలో ఒక్కో పెట్ట సుమారు పావు లీటరు, మండుటెండల్లో అర లీటరు దాకా తాగుతుంది. అంటే పది పెట్టలకు రెండున్నర నుంచి ఐదు లీటర్లు. మే నెలలో రెండు లీటర్లే తగ్గిందంటే ఏదో తేడా ఉన్నట్టే. గుడ్డులో ముప్పాతిక వంతు నీళ్లే, అందుకే ఆ తేడా గుడ్ల మీద వెంటనే పడుతుంది. చీకట్లో కోళ్లు నీళ్లు తాగవు. పొద్దుగూకాక ఏ గీత దగ్గరుందో చూసుకుని తెల్లవారుజామున మళ్లీ చూడండి. గీత దిగిందంటే అది లీకే.

లీకుకు మూలం మన బోరు నీళ్లే. ఇసుక రేణువు పిన్ను కింద ఇరుక్కుంటే చుక్కలు కారుతూనే ఉంటాయి. ఉప్పు తెల్లగా పేరుకుంటే పిన్ను బిగుసుకుని చుక్క రాదు. రెండోదే ప్రమాదం, బయటికి ఏమీ కనపడదు. అందుకే పొద్దున్నే నాలుగు నిపుళ్లనూ వేలితో పైకి నొక్కి చూడాలి. నీళ్లు పలచని గుడ్డలో వడకట్టి పోయాలి. నెలకోసారి నిపుళ్లు ఊడదీసి, గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి గంట నానబెట్టి కడిగితే పిన్ను మళ్లీ గలగలలాడుతుంది.

నీళ్లు వేడెక్కితే కోళ్లు ముట్టవు. కోడికి చెమట పట్టదు, రొప్పి రొప్పి ఒంట్లో నీరు పోగొట్టుకుంటుంది, సరిగ్గా అప్పుడే తాగడం మానేస్తుంది. మిద్దె మీద సింటెక్స్ ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం పొయ్యకండి. బకెట్‌కు గోనె సంచి చుట్టి తడపండి, పదకొండింటికి లీటరు ఐసు బాటిల్ లోపల వెయ్యండి. గోనెతో ఇంకో లాభం, వెలుతురు తగలక పాచి పట్టదు. మూకుడు మాత్రం రోజుకు రెండుసార్లు కడగాలి, అందులో రెట్టలు పడకుండా చూడలేం. దాన్ని బకెట్‌కు దూరంగా పెట్టండి, పెత్తనం చేసే పుంజు రెండు చోట్లా ఒకేసారి కాపలా కాయలేదు.

అలవాటు చెయ్యడానికి వారం చాలు. మొదట్లో ఎర్ర నిపుల్ అయితే పొడిచి చూస్తాయి, ఒకటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి. పాత గిన్నెను మొదటి రోజే తీసేయకండి, మే నెలలో అసలు మొదలుపెట్టకండి.

బెల్లం నీళ్లు, విటమిన్లు ఇందులో కలపకండి, లోపల జిగురు పట్టి నిపుళ్లు మూసుకుపోతాయి. కొక్కెర తెగులుకు లసోటా టీకా నీళ్లలో ఇచ్చే రోజు కూడా బకెట్ పక్కన పెట్టేయండి. ఆ నీళ్లు రెండు గంటల్లో ఖాళీ కావాలి, క్లోరిన్ ఉండకూడదు. ఆ పనికి రెండు మూకుళ్లే మేలు.