పచ్చ దీపాన్ని నమ్మి పడుకున్నాను: బేస్‌మెంటులో బ్యాటరీ పంపుతో నాలుగేళ్ళు

కరెంటు పోయినప్పుడు బేస్‌మెంటులోకి ఊరిన నీటిని బయటికి తోడే మా బ్యాటరీ పంపు మీద నాకు కోపం లేదు. కోపమంతా గోడకు తగిలించిన దాని కంట్రోలు పెట్టె మీద, ఆ పెట్టె మీద వెలిగే చిన్న పచ్చ దీపం మీద. మూడేళ్ళ తొమ్మిది నెలల పాటు వాన పడ్డ ప్రతి రాత్రీ కిందికి దిగి, ఆ దీపాన్ని ఒకసారి చూసుకుని, నిశ్చింతగా వెళ్ళి పడుకున్నాను. 2025 జులై 14 సాయంత్రం కూడా అది పచ్చగానే వెలుగుతోంది.

మాది న్యూజెర్సీలో, ఎడిసన్‌కు దగ్గరలో, 1930ల నాటి ఇల్లు. పునాది గోడలు కాంక్రీటు దిమ్మెలవి. చుట్టూ బంకమన్ను. దగ్గరలోని సేయర్‌విల్ ఒకప్పుడు ఇటుకలకు పేరుమోసిన ఊరు. ఇక్కడి మట్టి ఎలాంటిదో ఆ ఒక్క మాట చెబుతుంది. వాన నీరు త్వరగా ఇంకదు. గోడను ఆనుకుని నిలిచి, గోడా గచ్చూ కలిసే అంచు నుంచి లోపలికి ఊరుతుంది. ఆ ఊటంతా చేరేందుకు బేస్‌మెంటు మూలలో ఒక గొయ్యి ఉంది, దాన్నే సంపు అంటారు. హైదరాబాదులో సంపు అంటే తాగే నీళ్ళు దాచుకునే తొట్టి. ఇక్కడ అది ఇంట్లోకి వచ్చిన నీటిని బయటికి పంపే చోటు. ఈ తేడా ఒంటికి పట్టడానికి నాకు ఒక తుఫాను పట్టింది.

2021 సెప్టెంబరు 1న ఐడా తుఫాను శేషం మా మీద కురిసింది. నెవార్క్‌లో ఆ ఒక్కరోజే ఎనిమిది అంగుళాలకు పైగా పడింది. ఆ రాత్రి మా ఇంట్లో కరెంటు ఉంది, గోతిలో పంపు కూడా ఉంది, కానీ పంపు నడవలేదు. నీరు పెరిగినప్పుడు పైకి తేలి మోటారును ఆన్ చేసే దాని ఫ్లోటు, తీగకు వేలాడేది, గొట్టానికీ గోడకూ మధ్య ఇరుక్కుపోయింది. చీపురు కర్రతో దాన్ని కదిలించాక గాని మోటారు తిరగలేదు. అప్పటికే నీరు చీలమండ దాటింది. సామాన్లలో చాలావరకు ఆరబెట్టుకున్నాం. బొమ్మల కొలువు పెట్టె మాత్రం అడుగున ఉండిపోయింది. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు, అది నీళ్ళను పీల్చేస్తుంది. మా అత్తగారు పెళ్ళికి ఇచ్చిన అంబారీ ఏనుగు కాళ్ళ దగ్గర రంగు పొరలు పొరలుగా లేచి, మా ఆవిడ చేతికి అంటుకుంది. మామూలు ఇంటి బీమా ఇలాంటి నీటికి వర్తించదు. సంపు పొంగితే పరిహారం రావాలంటే ముందే విడిగా రాయించుకోవాలి. నేను రాయించుకోలేదు.

ఆ అక్టోబరులోనే ఈ బ్యాటరీ పంపు పెట్టించాను. పాత పంపు పక్కనే, కొంచెం ఎత్తులో, తన ఫ్లోటు తనకు విడిగా ఉండేలా బిగించారు. కరెంటు పోయినా, పెద్ద పంపు మొరాయించినా ఇది అందుకోవాలి. అందుకుంది కూడా. 2023 డిసెంబరు 18న ఈదురుగాలులతో కూడిన వానకు మా వీధిలో ఉదయం తొమ్మిదికి కరెంటు పోయి సాయంత్రం నాలుగుకు వచ్చింది. ఆ ఏడు గంటలూ ఈ చిన్న పంపు నాలుగైదు నిమిషాలకోసారి లేచి, నీళ్ళు తోడి, మళ్ళీ ఆగింది. గచ్చు తడవలేదు. ఆ తర్వాత అడిగినవారికీ అడగనివారికీ కూడా ఇదే కొనమని చెప్పాను. చెప్పింది నిజమే. అయితే అప్పటికి బ్యాటరీ వయసు రెండేళ్ళు మాత్రమే.

ఇక జులై 14. ఆ సాయంత్రం కురిసిన వానకు ప్లెయిన్‌ఫీల్డ్‌లో కారు కొట్టుకుపోయి ఇద్దరు చనిపోయారు. మా దగ్గర ఎనిమిది దాటాక కరెంటు పోయింది. కింద బ్యాటరీ పంపు అందుకున్న చప్పుడు వినపడగానే ఊపిరి పీల్చుకున్నాను. తెనాలి నుంచి మా అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు. కొవ్వొత్తి వెలుగులో అన్నాలకు కూర్చున్నాం. యాభై నిమిషాల తర్వాత నాన్న తలెత్తి, "మోటారు ఆగిందేమిటి?" అన్నారు. నలభై ఏళ్ళు పొలం దగ్గర ఇంజను చప్పుడు వింటూ గడిపిన మనిషి. నాకు తేడా తెలియలేదు.

దిగి చూస్తే పచ్చ దీపం లేదు, ఎర్ర దీపం ఉంది. నీరు గోతి అంచుకు నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. మా గొయ్యి పద్దెనిమిది అంగుళాల వెడల్పు, అంటే ఒక అంగుళం నీరు పెరిగితే సుమారు నాలుగు లీటర్లు. ఫోను లైటు వేసి లెక్క పెట్టాను: ఇరవై సెకన్లకు ఒక అంగుళం. నిమిషానికి పన్నెండు లీటర్లు. నాన్న స్టూలు వేసుకుని గోతి పక్కన కూర్చుని చిన్న బకెట్‌తో ముంచి పెద్ద బకెట్‌లో పోస్తుంటే, నేనూ మా ఆవిడా పెరటి తలుపు మెట్లెక్కి వాలు ఉన్నవైపు పారబోస్తూ వచ్చాం. గంటా యాభై నిమిషాలు. ఎవరి చెయ్యి ఆలస్యమైనా నీరు గచ్చు మీదికి వచ్చేది. చివరికి గచ్చు మీద రెండు వేళ్ళ లోతు నీరు నిలిచింది. బొమ్మలు ఈసారి పై అరలో ఉన్నాయి. బియ్యం బస్తాలను అమ్మ ముందే బల్ల మీదికి చేర్చింది. పదకొండు కావస్తుండగా కరెంటు వచ్చింది.

మర్నాటికి బ్యాటరీ మళ్ళీ చార్జి అయింది. దీపం మళ్ళీ పచ్చబడింది! అది చూసి నాన్న అన్నారు: "దీపం చూసి ఊరుకుంటే ఎలా నాన్నా? ట్రాక్టరు బ్యాటరీ కొనేటప్పుడు హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టి చూస్తాం. లైటు ఎంత మసకబారిందో దాన్నిబట్టి బ్యాటరీ సత్తా తెలుస్తుంది. లోడు పడితే గదా తెలిసేది."

అలాగే చేశాం. చార్జరు తీసేసి మీటరు పెడితే 12.7 వోల్టులు, నిండు బ్యాటరీ చూపించే అంకె. ఫ్లోటును చేత్తో పైకెత్తి పట్టుకున్నాను. మోటారు తిరిగింది, అంకె 11.2కు పడింది. బకెట్లతో గోతిలో నీళ్ళు పోస్తూ ఇరవై నిమిషాలు నడిపేసరికి 10.4. మూతలు తీసి చూస్తే ఆరు గదుల్లో రెండింటిలో నీరు అడుగంటి, పలకల పైభాగం తెల్లగా పొరకట్టి ఉంది. ఆ కంట్రోలు పెట్టె చూసేది లోడు లేనప్పటి వోల్టేజీని మాత్రమే. వారానికోసారి మోటారును కొన్ని సెకన్లు తిప్పి పరీక్షించుకుంటుంది, కానీ కొన్ని సెకన్లకు చచ్చిపోతున్న బ్యాటరీ కూడా చాలుతుంది. డిస్టిల్డ్ వాటరు ఏడాదికోసారి పోసి వదిలేయడం నా తప్పే, కొన్ని నెలలకోసారి చూడాలి. అయినా ఇంటివాళ్ళను నిద్రపుచ్చే దీపం బ్యాటరీలో ఎంత బలం మిగిలిందో చెప్పకపోవడాన్ని నేను క్షమించలేకపోతున్నాను. అంతా బాగుందని తేల్చే రంగు బదులు, ఎన్ని నిమిషాలు నడవగలదో ఒక అంకె చూపించి ఉంటే ఆ రాత్రి డెబ్బై ఏళ్ళ మనిషి చేత నీళ్ళు తోడించేవాణ్ణి కాను.

మిగతావన్నీ నచ్చాయి. ఫ్లోటు ఇరుక్కోదు. చప్పుడు భరించగలిగేదే. చలికాలంలో బయటి గొట్టం గడ్డకట్టకుండా చూసుకోవడం ఏ పంపుకైనా తప్పదు.

మీకు కొనమని చెబుతానా? మీ ఇంటికి మున్సిపాలిటీ కుళాయి నీళ్ళ ఒత్తిడి బాగా ఉంటే, ఆ ఒత్తిడితోనే నడిచే పంపును ముందు విచారించండి. దానికి బ్యాటరీయే అక్కర్లేదు, కాకపోతే తోడే ప్రతి రెండు గాలన్లకూ సుమారు ఒక గాలను మంచినీరు పోతుంది. మా ఇంటి పాత ఇనుప గొట్టాల్లో అంత ఒత్తిడి లేదు కాబట్టి నాకు ఆ దారి లేదు. నెలల తరబడి ఇల్లు తాళం వేసి ఇండియా వెళ్ళేవారికి, దీన్ని చూసే మనిషి లేకపోతే, ధైర్యంగా చెప్పలేను. నేను మాత్రం ఇదే పంపును ఉంచుకున్నాను, బ్యాటరీ మాత్రం మార్చాను.

ఇప్పుడు నెలలో మొదటి ఆదివారం పెద్ద పంపు ప్లగ్గు పీకి, బ్యాటరీ చార్జరు తీసేసి, గోతిలో బకెట్లతో నీళ్ళు పోస్తూ పావుగంట నడిపిస్తాను. మీటరు అంకెను గోడ మీద పెన్సిలుతో తేదీ వేసి రాస్తాను. కొత్త బ్యాటరీ అంకెలు ఇవి: పెట్టిన రోజు జులైలో 12.2, ఆగస్టులో 12.2, పోయిన ఆదివారం 12.1. ఆ వరుసలో అంకె 11.5 కిందికి దిగిన నెల, దీపం ఏ రంగులో ఉన్నా సరే, బ్యాటరీ మార్చేస్తాను.