పర్లాకిమిడిలో డాబా సోలార్: 8 నెలల అనుభవం, 4 స్టార్లు

ఫిబ్రవరిలో మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాను. నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఐదోది ఎందుకు కోశానో చివర్లో చెప్తాను.

అడ్వాన్స్ ఇచ్చే రోజు మా మేనల్లుడు అడ్డం పడ్డాడు. "ఆగు మావయ్యా, అంతరిక్షంలోనే ప్యానెళ్లు పెట్టి కరెంటు కిందికి పంపిస్తారట, రాత్రీ లేదు, వానా లేదు" అని. వాడిది మరీ గాలి మాట కాదు. 1968లోనే పీటర్ గ్లేజర్ అనే అమెరికా ఇంజినీరు ఈ ఆలోచన చెప్పాడు, 2023లో అమెరికాలోని కాల్‌టెక్ యూనివర్సిటీ వాళ్లు ఉపగ్రహం నుంచి మైక్రోవేవ్‌గా కాసింత పవర్ పంపి నేల మీద పట్టుకున్నారు కూడా. పైన చదరపు మీటరుకి 1,361 వాట్ల ఎండ, మన డాబా మీద మిట్టమధ్యాహ్నం 1,000 దాకా వస్తే గొప్ప. బాగానే ఉంది, కానీ ఆ సామానంతా 36,000 కిలోమీటర్ల ఎత్తుకి మోసేదెవరు? నాసా 2024లో లెక్కగడితే నేల మీది సోలార్, గాలి కరెంటు కన్నా 12 నుంచి 80 రెట్లు ఖర్చని తేలింది. రాకెట్ ఖర్చులూ అవీ బాగా తగ్గితే గిట్టుబాటు కావచ్చని కూడా అందులోనే రాశారు, సరే, అప్పటిదాకా నా బిల్లు ఎవరు కడతారు?

ఇక షాపు వాళ్ల పని. కుర్రాళ్లు రెండు రోజుల్లో బిగించేశారు, కేంద్రం సబ్సిడీ 78,000 ఖాతాలో పడింది. కానీ శ్లాబులో వేసిన ఒక కన్నానికి సీలు మర్చిపోయారు, మొదటి వానకే దేవుడి గదిలో చుక్కలు. మూడు ఫోన్లు చేస్తే వచ్చి పూడ్చారు. ఏప్రిల్లో రోజుకి 13 యూనిట్లు చూశాను, జూలై ముసురులో 4 కూడా దాటలేదు.

ఐదో స్టారు సంగతి. లైన్లో కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది, మన పలకల కరెంటు లైన్లోకి ఎక్కి స్తంభం మీది లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా, ఆ కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ తనంతట తనే ఆపేస్తుందట. న్యాయమే, కానీ ఆ మాట డబ్బు కట్టకముందు ఎవరూ చెప్పలేదు. మే నెల, నడినెత్తిన ఎండ, పైన ఎనిమిది పలకలు ధగధగలాడుతున్నాయి, కింద మా అమ్మ విసనకర్రతో విసురుకుంటోంది!

"అంతరిక్షందైతే ఇలా ఉండదు కదా" అన్నాడు మళ్లీ మావాడు. ఆ మైక్రోవేవ్ మన డాబా మీద దిగదురా, ఎక్కడో కిలోమీటర్ల మేర పరిచిన యాంటెనాల మీద దిగి, 2018లో తిత్లీ తుఫానుకి ఒరిగిపోయాయే, ఆ స్తంభాల మీదుగానే మనింటికి రావాలి అన్నాను. ఇప్పుడు ఇద్దరం కలిసి బ్యాటరీ రేట్లు వాకబు చేస్తున్నాం.